అవధాన లోపానికి మందు: మూడు పుస్తకాల సాక్ష్యం

అవధానం అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుండి లాగుతూ ఉంటే, ఒకరు సమస్య ఇచ్చి, ఒకరు నిషిద్ధాక్షరి నడిపి, వేరొకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్ళించ జూస్తూ ఉంటే, దేనికీ లొంగక, దేనినీ విడువక మనస్సును నిలుపుకొనగల వానిని అవధాని అంటారు. మనిషి మనస్సుకు ఇంతటి పట్టు సాధ్యమే. ఐతే ఈ పట్టు అందరికీ సమానంగా ఉండదు. పది పనులు మొదలుపెట్టి ఒక్కటీ ముగించలేనివారు, బిల్లు కట్టవలసిన గడువు నెలనెలా దాటించేవారు, ఎదుటివారి మాట పూర్తి అయ్యేదాకా ఆగలేనివారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వీరిలో కొందరికి ఈ గుణం చిన్ననాటి నుండి ఉండి, చదువునూ ఉద్యోగాన్నీ సంసారాన్నీ చెడగొట్టేటంత తీవ్రంగా ఉంటుంది. దీనినే వైద్యులు అవధాన లోప వ్యాధి అంటారు.

ఇది పిల్లల వ్యాధి అనే అభిప్రాయం చాలాకాలం ఉండేది. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధినిర్ణయ గ్రంథంలో దీనికి ఈ పేరు పెట్టినప్పుడు, పెద్దయిన తరువాత కూడా మిగిలిపోయే లక్షణాలకు ఒక చిన్న చోటు ఇచ్చింది. 1987లో అతి చాంచల్యాన్ని కూడా పేరులో చేర్చి ఎ.డి.హెచ్.డి. అన్నది. 2013 నాటి కూర్పులో 17 ఏళ్ళు నిండినవారికి ఆరు లక్షణాలకు బదులు ఐదు చాలునన్నది. లక్షణాలు కనిపించవలసిన వయస్సును 7 ఏళ్ళ నుండి 12 ఏళ్ళకు పెంచింది. 2023లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రాలు సేకరించిన వివరాల ప్రకారం, ఆ దేశంలో 1 కోటి 55 లక్షల మంది పెద్దలకు, అనగా నూటికి ఆరుగురికి, ఈ వ్యాధినిర్ణయం ఉన్నది. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతి 18 ఏళ్ళు వచ్చిన తరువాతనే తెలిసింది. మూడవ వంతు మంది అంతకు ముందు ఏడాదిలో ఉత్తేజక ఔషధాలు పుచ్చుకున్నారు.

ఇంతమంది పుచ్చుకొనే మందును గురించి పుచ్చుకున్నవారు ఏమంటున్నారు? వారి మాటకు శాస్త్రంలో ఎంత విలువ ఇవ్వవచ్చు? అమెరికాలో వెలువడి, విస్తారంగా చదవబడిన మూడు పుస్తకాలు ఈ ప్రశ్నకు మూడు విధాలుగా సమాధానం చెబుతాయి. ఒకటి వైద్యులు రాసినది, రెండవది మందుకు బానిస అయిన రచయిత్రి రాసినది, మూడవది పత్రికా విలేఖరి రాసినది. మూడింటినీ ప్రక్క ప్రక్కన పెట్టి చదివితే మందును గురించి కొంతా, సాక్ష్యాన్ని గురించి ఎంతో తెలుస్తుంది.

మందు పుట్టుక, దాని పని

పుస్తకాలలోనికి పోయేముందు మందును గురించి నాలుగు మాటలు తెలుసుకొనడం అవసరం. ఆంఫెటమీన్ అనే రసాయనాన్ని 1887లో బెర్లిన్‌లో లజార్ ఎడెలియాను తయారుచేశాడు. అది దేనికి పనికివస్తుందో నలభై ఏళ్ళ పాటు ఎవరికీ పట్టలేదు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, ప్రవర్తన చిక్కులున్న పిల్లల ఆసుపత్రిలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు 30 మంది పిల్లలకు దీనిని బెంజిడ్రిన్ అనే పేరుతో ఇచ్చాడు. అంతకు ముందు ఆయన దానిని వాడిన ఉద్దేశం వేరు. మెదడు ఛాయాచిత్రం తీయడానికి వెన్నులో నీరు తీసి గాలి ఎక్కించే పద్ధతి వల్ల పిల్లలకు వచ్చే తలనొప్పి తగ్గించాలని చూశాడు. తలనొప్పి సంగతి ఎట్లా ఉన్నా, సుమారు సగం మంది పిల్లలు చదువులో ఆశ్చర్యకరంగా మెరుగయ్యారు. ఆ పిల్లలే వాటికి లెక్కల బిళ్ళలని పేరు పెట్టారు.

రెండవ మందు మెథైల్‌ఫెనిడేట్. దీనిని 1944లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ తయారుచేశాడు. ఆయన భార్య ముద్దుపేరు రీటా. మందుకు రిటాలిన్ అనే పేరు ఆమె పేరు మీదుగా వచ్చినదే.

ఈ రెండు మందుల పనీ మెదడులోని డోపమీన్, నారెడ్రినలిన్ అనే రసాయన వార్తాహరుల మీద. ఒక నాడీకణం రెండవ కణానికి కబురు పంపేటప్పుడు డోపమీన్‌ను నడుమనున్న సందులోనికి విడుస్తుంది. పని కాగానే దానిని తిరిగి లోపలికి లాగుకుంటుంది. ఈ లాగుకొనే పని చేసే మాంసకృత్తుకు మెథైల్‌ఫెనిడేట్ అడ్డుపడుతుంది. ఆంఫెటమీన్ అడ్డుపడడమే కాక, కణం లోపలి డోపమీన్‌ను బయటికి నెడుతుంది. ఫలితం రెండింటా ఒకటే: కబురు మరికొంత సేపు, మరికొంత గట్టిగా వినబడుతుంది. నోటి ద్వారా పుచ్చుకొనే మామూలు మోతాదులో మెథైల్‌ఫెనిడేట్ సగానికి మించి ఈ మాంసకృత్తులను అడ్డగిస్తుందని నోరా వోల్కో బృందం 1998లో మెదడు చిత్రాల ద్వారా చూపింది. పాతరకం బిళ్ళ మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. 2000 తరువాత వచ్చిన కొత్తరకాలు మందును కొంచెం కొంచెంగా విడుస్తూ పది, పన్నెండు గంటల దాకా పనిచేస్తాయి. ఏ రకమైనా సాయంత్రానికి దిగిపోవలసినదే. ఈ గంటల లెక్కను గుర్తుంచుకొనడం అవసరం. పెద్దల అనుభవంలో సగభాగం దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

వైద్యుల పుస్తకం

ఎడ్వర్డ్ హాలొవెల్, జాన్ రేటీ అనే ఇద్దరు మనోవైద్యులు రాసిన 'డ్రివెన్ టు డిస్ట్రాక్షన్' 1994లో వెలువడింది. పెద్దలలోని అవధాన లోపాన్ని గురించి సామాన్య పాఠకునికి చెప్పిన పుస్తకాలలో ఇంతటి ప్రచారం పొందినవి బహు కొద్ది. గ్రంథకర్తలిద్దరూ తమకు కూడా ఈ వ్యాధి ఉన్నదని చెప్పుకున్నారు. హాలొవెల్ 1981లో పిల్లల మనోవైద్యంలో శిక్షణ పొందుతూ ఉండగా, ఒక ఉపన్యాసం వింటూ తన కథనే వింటున్నట్లు గ్రహించాడు. పుస్తకానికి బలమంతా ఇక్కడనే ఉన్నది. వైద్యుడు బల్లకు ఈవల, రోగి ఆవల అనే భేదం ఇందులో లేదు.

పుస్తకం నిండా మనుష్యుల కథలు ఉన్నాయి. తెలివి ఉండి సోమరులనిపించుకున్నవారు, ప్రేమ ఉండి నిర్లక్ష్యం చేసేవారనిపించుకున్నవారు, ముప్ఫై నలభై ఏళ్ళు తమను తామే నిందించుకొని, తీరా దానికొక పేరున్నదని తెలిసి తెరిపిన పడినవారు ఇందులో కనబడతారు. మందు పుచ్చుకున్న తరువాత చూపు కుదిరినట్లయిందని చెప్పేవారి మాటకు ఇటువంటి కథలలో పెద్ద పీట ఉంటుంది. చత్వారం వచ్చిన మనిషికి కళ్ళజోడు పెట్టినట్లు అనే పోలిక ఈ రోగుల నోట, వైద్యుల నోట తరచు వినవస్తుంది.

గ్రంథకర్తలు మందు ఒక్కటే చాలుననలేదు. వ్యాధిని గురించి తెలుసుకొనడం, దినచర్యకు ఒక కట్టుబాటు, వెన్నుతట్టి నడిపించే తోడు, మనోవైద్య సంభాషణ, ఆ తరువాతనే మందు అన్నారు. అమెరికా జీవితపు వేగమే అందరినీ ఈ రోగుల వలె కనబడేటట్లు చేస్తున్నదనీ, అసలుకూ నకిలీకీ తేడా చూడవలెననీ హెచ్చరించారు. లక్షణం తోటివారిలో కంటె చాలా ఎక్కువగా ఉంటేనే లెక్కలోనికి తీసుకోవలెననీ, చిన్ననాటి చరిత్ర ఉండవలెననీ షరతు పెట్టారు. పుస్తకాన్ని తిట్టేవారు ఈ పుటలను దాటిపోతారు. అది న్యాయం కాదు.

ఐతే దోషం వేరొక చోట ఉన్నది. పెద్దల కోసం వారిచ్చిన లక్షణాల జాబితా శక్తికి తగినంత సాధించలేకపోయాననే బాధతో మొదలై, పని వాయిదా వేయడం, త్వరగా విసుగు చెందడం, తోచినది అనేయడం మీదుగా సాగుతుంది. ఆ జాబితా చదివి తన ముఖం అందులో చూసుకొనని పాఠకుడు అరుదు. షరతు ఒక వాక్యం, జాబితా ఒక అధ్యాయానికి ప్రాణం. చదివినవాని మనస్సులో ఏది నిలుస్తుందో చెప్పనక్కరలేదు.

ఇంతకంటె చిక్కైనది కళ్ళజోడు పోలిక. చూపు సరిగా ఉన్నవాడు చత్వారం అద్దాలు పెట్టుకుంటే వానికి లోకం మసకబారుతుంది. కనుక అద్దాలు పనిచేస్తే కంటిలో లోపమున్నట్లే. అవధానపు మందు అటువంటిది కాదు. 1978లో జుడిత్ రాపొపోర్ట్ బృందం ఏ వ్యాధీ లేని బాలురకు ఒక మోతాదు డెక్స్‌ట్రో ఆంఫెటమీన్ ఇచ్చి పరీక్షించింది. వారిలో కూడా కదలిక తగ్గి, శ్రద్ధ పెరిగింది. మందు పనిచేసింది కనుక వ్యాధి ఉన్నట్లే అనే వాదం ఆ రోజుతో కూలిపోవలసింది, కూలలేదు. నాకు బిళ్ళ పడగానే మనసు నిలిచింది, కాబట్టి నాకు వ్యాధి ఉన్నట్లే అని ఈనాటికీ అనేకులు నమ్ముతున్నారు. తేలికగా దొరికే వ్యాధినిర్ణయానికి ఈ నమ్మకం తోడైతే, రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అనే సామెత అక్షరాలా నిజమవుతుంది.

అంతమాత్రం చేత పెద్దలలో ఈ మందు పనిచేయదని కాదు. 1976లో యూటా విశ్వవిద్యాలయంలో పాల్ వెండర్, ఆయన సహచరులు పెద్దలలో ఇటువంటి లక్షణాలనూ, మందు ఫలితాన్నీ పరిశీలించి చూపారు. 1995లో థామస్ స్పెన్సర్ బృందం 23 మంది పెద్దలకు కొన్ని వారాలు మెథైల్‌ఫెనిడేట్, కొన్ని వారాలు మందు లేని ఉత్తుత్తి బిళ్ళ, ఏది ఎప్పుడో ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ తెలియకుండా ఇచ్చింది. అసలు మందుతో నూటికి 78 మంది బాగా మెరుగయ్యారు. ఉత్తుత్తి బిళ్ళతో నూటికి 4గురే. హాలొవెల్, రేటీల రోగులు చెప్పినది కల్పన కాదనడానికి ఇది మంచి ఆధారం. వారు పొందిన మేలు నిజం. ఆ మేలు నుండి వారు తీసిన తీర్మానం మాత్రమే సందేహాస్పదం.

బానిస అయిన రచయిత్రి పుస్తకం

ఎలిజబెత్ వుర్ట్‌జెల్ 1994లో తన మానసిక కుంగుబాటును గురించి రాసిన 'ప్రోజాక్ నేషన్' పుస్తకంతో ప్రసిద్ధి పొందిన రచయిత్రి. 2002లో ఆమె 'మోర్, నౌ, ఎగైన్' అనే రెండవ స్వీయచరిత్ర వెలువరించింది. కుంగుబాటు మందుకు బలం చేకూర్చడానికి వైద్యుడు ఆమెకు రిటాలిన్ రాసి ఇచ్చాడు. కొంతకాలానికి ఆమె బిళ్ళలను పొడి చేసి ముక్కుతో పీల్చడం మొదలుపెట్టింది. ఫ్లోరిడాలో ఒంటరిగా ఉండి మరొక పుస్తకం రాస్తూ ఉన్న రోజులలో ఆ అలవాటు ఆమెను పూర్తిగా లోబరచుకున్నది. తరువాత కొకెయిన్ కూడా తోడైంది. వుర్ట్‌జెల్ 2020లో మరణించింది.

స్వీయచరిత్రగా ఈ పుస్తకానికి ఉన్న గుణం నిర్దాక్షిణ్యం. రచయిత్రి తనను తాను ఎక్కడా కాపాడుకోలేదు. బిళ్ళ అయిపోవస్తున్నదనే భయం, ఇంకొకటి దొరికేదాకా లోకంలో వేరొక విషయమే లేకపోవడం, అబద్ధం చెప్పడంలో వచ్చే నేర్పు మొదలైనవి ఇంత దగ్గరగా చూపిన రచనలు తక్కువ. దోషం కూడా ఉన్నది. తన బాధ తప్ప ఎదుటివారి బాధ ఆమెకు కనబడదు; పుటలు గడిచే కొద్దీ ఒకే వలయంలో తిరిగినట్లుంటుంది. వ్యసనపు స్వభావమే అది కావచ్చును, కాని పాఠకునికి అది విసుగే.

ఈ పుస్తకాన్ని చాలామంది ఒక దానికి మరొకటిగా చదివారు. అవధాన లోపపు మందు మనిషిని ఏమి చేస్తుందో చూడండి అని దీనిని చూపడం పొరపాటు. ఆమె మందు పుచ్చుకున్నది ఆ వ్యాధి కోసం కాదు. పుచ్చుకున్న దారి కూడా అది కాదు. ఔషధశాస్త్రంలో దారి అల్ప విషయం కాదు. 1995లో వోల్కో బృందం నరం ద్వారా ఎక్కించిన మెథైల్‌ఫెనిడేట్‌నూ కొకెయిన్‌నూ పోల్చి, రెండూ మెదడులో ఒకే చోట చేరుతున్నాయని చూపింది. నోటి ద్వారా పోయిన బిళ్ళ ఉదరంలో కరిగి, రక్తంలో కలిసి, మెదడులో పతాక స్థితికి రావడానికి గంటకు పైగా పడుతుంది. ముక్కుతోనో నరంతోనో పోయినది నిమిషాలలో చేరుతుంది. డోపమీన్ ఎంత పెరిగిందనే దానితో పాటు ఎంత వేగంగా పెరిగిందనేది కూడా మత్తుకు కారణం. పొయ్యి మీద సన్నని సెగను పెట్టడానికీ, కిరసనాయిలు గుమ్మరించడానికీ ఉన్నంత తేడా ఇది. నిప్పు ఒకటే, ఫలితం వేరు.

ఐనా ఈ పుస్తకాన్ని ప్రక్కకు నెట్టడం కూడా తప్పే. వైద్యుల పుస్తకం చెప్పని ఒక సత్యం ఇందులో ఉన్నది. బిళ్ళ డబ్బీలో ఉన్న వస్తువుకు రెండు దారులు ఉన్నాయనీ, ఒక దారి నుండి రెండవ దారికి మనిషి జారిపోగలడనీ ఇది గుర్తు చేస్తుంది. తరువాత వచ్చిన లిస్‌డెక్స్‌ఆంఫెటమీన్ వంటి మందులో ఆంఫెటమీన్‌ను లైసీన్ అనే మరొక అణువుతో కట్టివేశారు. ఎర్ర రక్తకణాలలో ఆ కట్టు విడితే గాని మందు పనిచేయదు. పొడి చేసి పీల్చినా త్వరపడదు. అమెరికాలో 2007లో దీనికి అనుమతి వచ్చింది. వుర్ట్‌జెల్ వంటివారి అనుభవాన్ని రసాయనజ్ఞులు నిర్లక్ష్యం చేయలేదనడానికి ఇది తార్కాణం.

విలేఖరి పుస్తకం

మూడవది ఆలన్ ష్వార్జ్ 2016లో వెలువరించిన 'ఎ.డి.హెచ్.డి. నేషన్'. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఆయన రాసిన పరిశోధన వ్యాసాలకు ఇది విస్తరణ. మూడింటిలో సమాచార సంపద దీనికే ఎక్కువ. బ్రాడ్లీ పిల్లల నుండి రీటా పేరు దాకా, లెక్కకు ప్రమాణాలు తయారుచేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కీత్ కానర్స్ నుండి మందుల కంపెనీల ప్రకటనల దాకా ఒక శతాబ్దపు చరిత్ర ఇందులో కథ వలె నడుస్తుంది. ఒకప్పుడు ఒబెట్రాల్ అనే పేరుతో లావు తగ్గడానికి అమ్మిన మిశ్రమం 1996లో అడెరాల్ అనే పేరుతో అవధాన లోపపు మందుగా బజారులోనికి వచ్చిన వైనం విజ్ఞానశాస్త్ర విద్యార్థులందరూ చదవదగినది. దానిని అమ్మిన షైర్ కంపెనీ, తన ప్రచారంలో మేలును అతిగా చెప్పిందనే ఆరోపణల పరిష్కారం కోసం 2014లో అమెరికా ప్రభుత్వానికి 5 కోట్ల 65 లక్షల డాలర్లు చెల్లించింది. జీవితమంతా ఈ వ్యాధినే పరిశోధించిన కానర్స్, 2013 నాటికి వ్యాధినిర్ణయాల పెరుగుదలను చూసి బహిరంగంగా ఆందోళన వెలిబుచ్చడం పుస్తకంలో ముఖ్యమైన మలుపు.

ష్వార్జ్ వ్యాధి లేదనలేదు. అది నిజమైనదేనని పుస్తకం మొదటనే ఒప్పుకున్నాడు. ఆయన నేరారోపణ వ్యాధి మీద కాదు, దాని పేరిట జరిగిన వ్యాపారం మీద. ఇంతవరకు వాదం బలంగా ఉన్నది. కాని మనుష్యుల కథలకు వచ్చేసరికి ఆయన కూడా వైద్యుల దారినే పట్టాడు, దిక్కు మాత్రం ఎదురు. పుస్తకమంతటా ఆయన వెంట నడిపించే యువతీ యువకుల కథలు మందుల దుర్వినియోగం వైపు పోయేవే. మందు పుచ్చుకొని, ఉద్యోగం నిలుపుకొని, సాయంత్రం ఇంటికి వచ్చి పిల్లలకు అన్నం పెట్టే మామూలు మనిషికి ఈ పుస్తకంలో రావలసినంత చోటు రాలేదు. వ్యాధి నిజమని ఒకసారి ఒప్పుకొని, ఆ నిజమైన రోగిని మళ్ళీ పలకరించకపోవడం ఈ గ్రంథంలోని పెద్ద లోటు. దీనిని చదివి తన బిళ్ళను చూసి సిగ్గుపడే రోగి ఉంటే, ఆ సిగ్గుకు కొంత బాధ్యత గ్రంథకర్తది.

మూడింటిలోనూ కనబడనివాడు

ఇట్లా మూడు పుస్తకాలు చదివిన పాఠకునికి మూడు రకాల మనుష్యులు పరిచయమవుతారు: బిళ్ళతో బాగుపడినవాడు, బిళ్ళతో చెడిపోయినవాడు, బిళ్ళతో మోసపోయినవాడు. నిజానికి ఎక్కువమంది ఈ మూడు గదులలో దేనిలోనూ ఉండరు. వారి సంగతి తెలియాలంటే పరిశోధనల లెక్కలు చూడవలసిందే.

2018లో సామ్యూల్ కోర్టెసీ బృందం 133 పరీక్షలను ఒక చోట చేర్చి లెక్కవేసింది. పెద్దలలో వైద్యులు చూసిన మెరుగుదల ఆంఫెటమీన్లకు 0.79, మెథైల్‌ఫెనిడేట్‌కు 0.49, ఉత్తేజకం కాని అటామొక్సెటీన్‌కు 0.45 అని తేలింది. ఈ అంకెలకు అర్థమేమిటి? ఉత్తుత్తి బిళ్ళ పుచ్చుకున్న 100 మందిని బాగున్న క్రమంలో వరుసగా నిలబెట్టండి. మెథైల్‌ఫెనిడేట్ పుచ్చుకున్న సగటు మనిషిని ఆ వరుసలో పెడితే, సుమారు 69 మందిని దాటి నిలుస్తాడు. ఆంఫెటమీన్ ఐతే 78 మందిని దాటుతాడు. మందు ఏ పనీ చేయకపోతే 50 మందిని దాటి ఉండేవాడు. మనోవైద్యంలో ఇది మంచి ఫలితమే. కళ్ళజోడు ఫలితం మాత్రం కాదు. పైగా ఈ లెక్క 12 వారాల నాటిది. మందు ఏళ్ళ తరబడి పుచ్చుకొనేది.

అదే ఏడు గ్జేవియర్ కాస్టెల్స్ బృందం, పెద్దలలో ఆంఫెటమీన్ల మీద జరిగిన 19 పరీక్షలను, 2,521 మంది వివరాలను సమీక్షించింది. లక్షణాలు తగ్గిన మాట నిజమే. ఐతే చికిత్సలో చివరిదాకా నిలిచినవారి సంఖ్య ఉత్తుత్తి బిళ్ళ కంటె పెరగలేదు. అనారోగ్య ఫలితాల వల్ల మానివేసినవారు మాత్రం ఎక్కువ. మేలు చేసే మందును మనిషి ఎందుకు మానుకుంటాడు? ఈ ప్రశ్నకు సమాధానం అంకెలలో లేదు, రోగుల నోటిలో ఉన్నది. ఆకలి మందగిస్తుంది, మధ్యాహ్న భోజనం సయించదు. నోరు ఎండుతుంది. గుండె వేగం, రక్తపు పోటు కొంత పెరుగుతాయి. రాత్రి నిద్ర ఆలస్యమవుతుంది. మందు దిగే వేళకు చికాకు, నీరసం కమ్ముకుంటాయి. ఇంకొందరు చెప్పే మాట మరింత సూక్ష్మమైనది: పని సాగుతున్నది గాని నవ్వు రావడం లేదనీ, నలుగురిలో కూర్చుంటే తానే తనకు పరాయిగా ఉన్నదనీ అంటారు. పగలు ఆఫీసుకు మంచి మనిషినీ, సాయంత్రం ఇంటికి చిరాకు మనిషినీ ఇచ్చే మందును మేలు అనాలా, కీడు అనాలా? దీనికి ఇల్లాలు ఒక సమాధానం, పై అధికారి ఒక సమాధానం చెబుతారు. మోతాదు తగ్గించి, వేళ మార్చి, రకం మార్చి వైద్యుడూ రోగీ కలిసి చేసే సర్దుబాటు ఈ చికిత్సలో అసలు భాగం. మూడు పుస్తకాలలోనూ దానికి దక్కిన చోటు చాలా తక్కువ.

అనుభవమైతేగాని తత్త్వం బోధపడదంటారు. ఇక్కడ అనుభవాన్ని కూడా కొంచెం పరీక్షించవలసి ఉన్నది. 2013లో ఇరెనా ఇలియెవా, మార్తా ఫారా మొదలైనవారు వ్యాధి లేని 46 మంది యువకులకు అడెరాల్‌లోని మిశ్రమం ఇచ్చి అనేక మేధా పరీక్షలు పెట్టారు. మందు వల్ల వారి పనితనంలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. మందు పుచ్చుకున్న రోజున మాత్రం తాము బాగా చేశామనే నమ్మకం వారిలో ఎక్కువగా ఉన్నది. 2023లో ఎలిజబెత్ బౌమన్ బృందం 40 మంది ఆరోగ్యవంతులకు, సంచిలో బరువు మించకుండా విలువైన వస్తువులు నింపే లెక్క వంటివి ఇచ్చి చూసింది. మందుతో వారు ఎక్కువ సేపు, ఎక్కువ కదలికలతో శ్రమించారు. శ్రమ నాణ్యం తగ్గింది. పరీక్షల ముందు స్నేహితుని బిళ్ళ అడిగి పుచ్చుకొనే విద్యార్థికి ఈ రెండు పరిశోధనలు చెప్పదగిన గుణపాఠం. తన పని ఎట్లా ఉన్నదో తీర్పు చెప్పే మనస్సు మీదనే మందు పనిచేస్తున్నప్పుడు, ఆ తీర్పు ఒక్కటే చాలదు.

రోగి మాటకు బయటి నుండి కూడా ఆసరా ఉన్నది. స్వీడన్ దేశపు ప్రభుత్వ రికార్డులలో 25,656 మంది రోగులను పరిశీలించి, వారు మందు పుచ్చుకున్న కాలంలో నేరాలు పురుషులలో నూటికి 32 వంతులు, స్త్రీలలో 41 వంతులు తగ్గినట్లు 2012లో ప్రకటించారు. 2014లో అదే దేశంలో, మందు వాడుకలో ఉన్న కాలంలో పురుషులకు తీవ్రమైన రోడ్డు ప్రమాదాలు 58 వంతులు తక్కువని తేలింది. స్త్రీలలో అంత స్పష్టమైన తేడా కనబడలేదు. ఇది తాను బాగుపడినట్లు అనిపించడం కాదు, ఆసుపత్రి చిట్టాలో పడని ప్రమాదం. రెండవ వైపు కూడా ఆ దేశమే చూపింది. 2023లో ప్రకటించిన పరిశోధనలో, మందు వాడిన ప్రతి అదనపు ఏడాదికీ గుండె, రక్తనాళాల వ్యాధుల అవకాశం సుమారు 4 వంతులు హెచ్చినట్లు, అందులో రక్తపు పోటు ముఖ్యమైనదైనట్లు కనబడింది. ఇవన్నీ చిట్టాల పరిశీలనలే గాని ప్రయోగాలు కావు. కారణం ఇదేనని తేల్చి చెప్పలేవు. కాని రక్తపు పోటు చూడకుండా ఏళ్ళ తరబడి ఈ మందు రాయరాదని చెప్పడానికి ఇవి చాలు.

చిన్ననాటి చరిత్ర అనే షరతు కూడా అనుకున్నంత సులభం కాదు. న్యూజీలాండులోని డ్యునెడిన్ పట్టణంలో 1972, 73 సంవత్సరాలలో పుట్టిన 1,037 మందిని శాస్త్రజ్ఞులు పుట్టుక నుండి వెంబడించారు. 38వ ఏట లక్షణాలున్నవారిలో నూటికి 90 మందికి చిన్నతనంలో ఆ వ్యాధి ఉన్న దాఖలా లేదని టెర్రీ మోఫిట్ బృందం 2015లో ప్రకటించింది. పెద్దలలో కనబడేది అదే వ్యాధియా, వేరొకటా అనే చర్చకు ఇది దారి తీసింది. మూడు పుస్తకాలలో చివరిది దీని తరువాత వచ్చినదే అయినా, వ్యాపారపు కథ నడపడంలో మునిగి ఈ శాస్త్రీయమైన చిక్కుకు తగినంత తావు ఇవ్వలేదు.

ఏ పుస్తకం కావాలి?

ఈ ప్రశ్న అమెరికాకే పరిమితం కాదు. ఆ దేశంలో చదువుకొనే, ఉద్యోగాలు చేసే తెలుగు యువతీ యువకులు ఈ మందులు వాడుకలో ఉన్న సమాజంలోనే మెలుగుతున్నారు. భారతదేశంలో మెథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం క్రింద నియంత్రణలో ఉన్న మందు. అర్హుడైన వైద్యుడు రాసి ఇస్తేనే దొరకవలసినది. ఇక్కడ చాలామంది పెద్దల సమస్య మందు మితిమీరడం కాదు, తమకున్నది సోమరితనం కాదని చెప్పేవారు లేకపోవడం. అమెరికా విలేఖరి కోపాన్ని ఇక్కడికి ఉన్నదున్నట్లు దిగుమతి చేసుకుంటే ఆ కాస్త తలుపూ మూసుకుంటుంది. అమెరికా వైద్యుల ఉత్సాహాన్ని దిగుమతి చేసుకుంటే, జాబితా చదివి బిళ్ళ అడిగేవారు పెరుగుతారు.

మందు మీద ఆధారపడినవారి పరిస్థితి ఎంత సున్నితమో 2022 అక్టోబరులో తెలిసింది. అమెరికాలో అడెరాల్ కొరత ఉన్నదని ఆ దేశపు ఔషధ సంస్థ ప్రకటించింది. 2023 నాటి వివరాలలో, ఉత్తేజక ఔషధాలు వాడే పెద్దలలో నూటికి 71 మందికి పైగా తమ మందు దుకాణంలో దొరకక ఇబ్బంది పడ్డామన్నారు. వారిలో ప్రచారానికి లోబడి వాడుతున్నవారు ఉండవచ్చు, బిళ్ళ లేకపోతే బండి నడపలేనివారూ ఉండవచ్చు. దుకాణం ముందు నిలబడ్డప్పుడు ఇద్దరూ ఒకే విధంగా కనబడతారు. వారిని వేరు చేసి చూడగలిగేది ఓపిక గల వైద్యుని పరీక్ష ఒక్కటే.

మూడు పుస్తకాలలో ఏది చదవదగినదని అడిగితే, మూడూ చదవదగినవే. ఏ ఒక్కదానినీ ఒంటరిగా చదవరాదు. హాలొవెల్, రేటీల నుండి రోగి పట్ల దయ, వుర్ట్‌జెల్ నుండి మందు పట్ల భయం, ష్వార్జ్ నుండి అమ్మేవాని పట్ల అనుమానం నేర్చుకోవచ్చు. వాటి ఉమ్మడి దోషం మాత్రం ఒకటే. బిళ్ళ పడ్డాక మనిషికి ఏమైందో చూసి, ఆ మనిషి ఎవరో తేల్చిచెప్పడానికి మూడూ తొందరపడ్డాయి. మందు పనిచేసినంత మాత్రాన రోగి కాడు. మందు చెడు చేసినంత మాత్రాన రోగం అబద్ధం కాదు. పుచ్చుకున్నవారి మాటను వేళతో, మోతాదుతో, ఇంటివారి మాటతో, రక్తపు పోటు అంకెతో కలిపి, ఒక నెల కాక పదేళ్ళు వెంబడించి రాసిన పుస్తకం రావలసి ఉన్నది. అది ఈ మూడింటి వలె అమ్ముడు పోకపోవచ్చు. డబ్బీ మూత తీసి, ఈ రోజు వేసుకోవాలా వద్దా అని ఆలోచించే మనిషికి పనికివచ్చేది మాత్రం అదే.